ఆడ జింకను కొట్టాలా వద్దా: కింబుల్ కౌంటీలో మా ఐదు సీజన్ల లెక్క

2019 చివర్లో ఆస్టిన్‌లో ఉండే మేం నలుగురం తెలుగువాళ్లం కలిసి టెక్సస్ హిల్ కంట్రీలో, కింబుల్ కౌంటీ జంక్షన్ ఊరికి కొంచెం దూరంలో 320 ఎకరాలు కొన్నాం. సున్నపురాయి నేల, లైవ్ ఓక్ చెట్లు, ఎటు చూసినా సీడర్ పొదలు, మధ్యలో ఏడాదిలో సగం రోజులు ఎండిపోయి ఉండే ఒక వాగు. అమ్మినాయన గేటు తాళాలు చేతికిస్తూ ఒక మాట గర్వంగా చెప్పాడు. పదిహేనేళ్లుగా లీజుకు వచ్చిన వేటగాళ్లెవరినీ మగ జింకలను తప్ప ఆడదాన్ని ముట్టుకోనివ్వలేదట, అందుకే ఇన్ని జింకలున్నాయట. ఆ సాయంత్రం మొక్కజొన్న ఫీడర్ దగ్గరకు వెళ్తే నిజంగానే ఇరవై దాకా వచ్చాయి. మా వాళ్లందరికీ పట్టరాని సంతోషం. నాకు మాత్రం అక్కడ నిలబడ్డ పది నిమిషాల్లోనే మనసుకు ఏదో తేడాగా అనిపించింది. దాదాపు అన్నీ ఆడవే. చలికాలం ముందు నిగనిగలాడుతూ ఉండాల్సిన జంతువులకు నడుము ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి.

నేను 2012 నుంచి టెక్సస్‌లో వేటాడుతున్నాను. ఈ భూమి కొన్నప్పటి నుంచి జింకల లెక్క, వేట ప్లాన్, ట్యాగుల (కొట్టే జింకకు ఒక్కోటి చొప్పున ఇచ్చే అనుమతి చీటీల) కాగితాలు అన్నీ నా బాధ్యతే. మనవాళ్లు హిల్ కంట్రీలో భూములు కొనడం ఈ మధ్య బాగా పెరిగింది, కొన్న ప్రతివాళ్లూ మొదటి సీజన్‌లోనే నన్ను అడిగే ప్రశ్న ఒకటే, ఆడవాటిని కొట్టొచ్చా, కొట్టకూడదా అని. చట్టం సంగతి తేలికే. ఈ కౌంటీలో ఒక్కో లైసెన్స్‌కు ఏడాదికి ఐదు వైట్‌టెయిల్ (ఇక్కడి స్థానిక తెల్లతోక జాతి) జింకలు, అందులో మగవి రెండుకు మించకూడదు. అంటే ఆడవాటిని కొట్టడానికి అనుమతి ఉంది. కొట్టాలా వద్దా అన్నది మాత్రం భూమిని చూసి మనమే తేల్చుకోవాలి. మేం ఎలా తేల్చుకున్నామో, ఎక్కడ తప్పు చేశామో మొత్తం రాస్తున్నాను.

ముందు చెట్ల గురించి చెప్పాలి, ఎందుకంటే జింకల లెక్క కంటే ముందు అసలు విషయం నాకు చెప్పినవి చెట్లే. 2020 మార్చిలో ఒకరోజు పొద్దున్నే వాగు గట్టున నడుస్తుంటే లైవ్ ఓక్ చెట్లన్నిటికీ నా ఛాతీ ఎత్తు వరకు ఒక్క ఆకు లేదు, ఆ పైన మాత్రం గుబురుగా పచ్చగా ఉంది. ఎవరో తాడు కట్టి కత్తిరించినట్టు కిలోమీటరు పొడవునా అదే గీత. జింక మెడ చాచి వెనక కాళ్ల మీద కాస్త లేస్తే అందే ఎత్తు అది. ఇక్కడివాళ్లు దాన్ని బ్రౌజ్ లైన్ అంటారు. లైవ్ ఓక్ జింకకు ఏమంత ఇష్టమైన మేత కాదు. దానికి ప్రాణం స్పానిష్ ఓక్, హ్యాక్‌బెర్రీ, వానల తర్వాత నేల మీద మొలిచే మెత్తటి ఆకు మొక్కలు, పూల మొక్కలు. గడ్డి చాలా తక్కువ తింటుంది, ముదురు గడ్డిని దాని పొట్ట అరిగించుకోలేదు. ఇక సీడర్ ఆకు అనేది వేరే గతి లేనప్పుడు తినేది. మా భూమిలో సీడర్ కొమ్మల చివర్లు కూడా కొరికి ఉన్నాయి. స్పానిష్ ఓక్ చెట్లు ముప్ఫై నలభై ఉన్నాయి, అన్నీ ముసలివే. వాటి కింద మొలక కోసం మోకాళ్ల మీద కూర్చుని వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

అప్పుడే టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేశాను. భూమి ఉన్నవాళ్లు అడిగితే వాళ్ల బయాలజిస్ట్ వచ్చి ఉచితంగా చూసి సలహా ఇస్తారు, ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు. ఆవిడ వచ్చి రెండు గంటలు తిరిగి, ఆ స్పానిష్ ఓక్ చెట్ల కింద నడుమెత్తు కంచె వైరుతో నాలుగడుగుల వెడల్పు గుండ్రటి బోను ఒకటి పెట్టించింది. లోపల ఏం మొలుస్తుందో, బయట ఏం మొలుస్తుందో చూడండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం అంది. ఆగస్టులో కెమెరాలతో లెక్క తీయమంది.

ఆ లెక్క ఎలా చేస్తారో కాస్త వివరంగా చెప్తాను, ఇది రాకుండా మిగతాదంతా ఊహే అవుతుంది. సుమారు వంద ఎకరాలకు ఒక కెమెరా చొప్పున మూడు పెట్టాం, ఎదురుగా మొక్కజొన్న చల్లి రెండు వారాలు ఉంచాం. మగవాటిని కొమ్ములను బట్టి విడివిడిగా గుర్తుపట్టొచ్చు. మాకు మగవాటి ఫోటోలు 180 వచ్చాయి, కొమ్ములు పోల్చి చూస్తే అవి మొత్తం 9 జింకలు. 9ని 180తో భాగిస్తే 0.05. ఆడవాటిని ఇలా గుర్తుపట్టలేం, అన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి వాటి ఫోటోలను ఇదే అంకెతో గుణిస్తాం. ఆడవాటి ఫోటోలు 760, అంటే 38 జింకలు. పిల్లల ఫోటోలు 240, అంటే 12. మొత్తం 59. ప్రతి ఐదున్నర ఎకరాలకు ఒక జింక. మా నేలకు, మా వానలకు ఎనిమిది పది ఎకరాలకు ఒకటి ఉంటే చాలని బయాలజిస్ట్ అంచనా.

ఆ అంకెల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 59 కాదు, 12. వైట్‌టెయిల్ ఆడ జింక ఏడాదిన్నర వయసుకు జతకడుతుంది, మేత బాగుంటే ఆ తర్వాత నుంచి ఏటా తరచుగా కవలలను కంటుంది. 38 ఆడవాటికి 12 పిల్లలంటే మూడింటికి ఒక్క పిల్ల కూడా లేదు. పుట్టక కాదు, పుట్టినవి బతకక. తల్లికి మేత లేకపోతే పాలు ఉండవు, పాలు లేని పిల్ల బలహీనంగా ఉంటుంది, అలాంటిదాన్ని కొయోటే (ఇక్కడి చిన్న తోడేలు లాంటి జంతువు) ముందు పట్టుకుపోతుంది. అంటే పదిహేనేళ్లుగా ఆడవాటిని కాపాడుతున్నామనుకుని వాటి పిల్లలను ఆకలికి వదిలేశారు. అమ్మినాయన చెడ్డవాడు కాదు, ఆయన మనసారా మంచే చేస్తున్నాననుకున్నాడు. నాకు బాధ అనిపించింది కూడా అందుకే.

ఇక్కడ పాత సంగతి ఒకటి గుర్తు చేయాలి. మగవాటినే కొట్టాలనే పద్ధతి ఒకప్పుడు సరైనదే. వందేళ్ల కిందట అమెరికాలో చాలాచోట్ల విచ్చలవిడి వేట వల్ల జింకలు అంతరించిపోయే స్థితికి వచ్చాయి, పెన్సిల్వేనియాలాంటి రాష్ట్రం 1907లోనే మగవాటిని తప్ప కొట్టకూడదని చట్టం చేసింది. మంద పెరగాలంటే అదే దారి, ఎందుకంటే ఒక మగది చాలా ఆడవాటితో జతకడుతుంది, నాలుగు మగవి పోయినా పుట్టే పిల్లల సంఖ్య తగ్గదు. టెక్సస్‌లో ఇంకో కారణం కూడా ఉంది. స్క్రూవర్మ్ ఈగ అప్పుడే పుట్టిన పిల్ల బొడ్డు పుండులో గుడ్లు పెట్టేది, పుట్టిన పిల్లల్లో చాలా భాగం అలాగే పోయేవి. 1960ల్లో ఆ ఈగను తరిమేశాక జింకలు ఒక్కసారిగా పెరిగాయి. జింకలు పెరిగాయి గాని జనం అలవాటు మారలేదు, మంద తక్కువున్న కాలంలో పుట్టిన నియమాన్ని మంద నిండిపోయాక కూడా అలాగే పట్టుకున్నారు.

మా మొదటి సీజన్ 2020లో నేను ధైర్యం చేయలేదు. పార్ట్‌నర్లలో ఇద్దరికి ఇష్టం లేదు, నాకూ లోపల ఎక్కడో జంకు ఉంది. నాలుగు ఆడవాటిని కొడదామని మధ్యేమార్గంగా ఒప్పుకున్నాం. ఆ నాలుగులో ఒకటి నా చేతి మీదుగా తప్పుగా పోయింది. నవంబరులో ఒక సాయంత్రం ఫీడర్ దగ్గరకు కొమ్ములు లేని జింక ఒంటరిగా వచ్చింది, వెలుగు తగ్గుతోంది, ఆడదనుకుని కొట్టాను. దగ్గరకు వెళ్లి తల తడిమితే చెవుల మధ్య వెంట్రుకల కింద వేలికి రెండు గట్టి బొడిపెలు తగిలాయి. ఆరు నెలల మగ పిల్ల. ఇక్కడ బటన్ బక్ అంటారు. ఉన్నదే తొమ్మిది మగవి, వచ్చే తరానికి పెరగాల్సిన వాటిలో ఒకదాన్ని నేనే తీసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మా భూమిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఒంటరిగా వచ్చిన కొమ్ముల్లేని జింక మీద తుపాకీ ఎత్తకూడదు, ఎందుకంటే ముందుగా, ఒంటరిగా, బెదురు లేకుండా మేతకు వచ్చేది తరచుగా మగ పిల్లే. రెండు మూడు కలిసి నిలబడే దాకా ఆగాలి. పక్కపక్కన ఉన్నప్పుడు పెద్ద ఆడదాని ముఖం పొడుగ్గా, మెడ సన్నగా తెలుస్తుంది, పిల్ల ముఖం పొట్టిగా ఉంటుంది. మగ పిల్ల నడినెత్తి చెవుల మధ్య చదునుగా, ఆడపిల్లది గుండ్రంగా ఉంటుంది. వెలుగు తగ్గితే ఆ రోజుకు అంతే, దిగి వచ్చేయాలి.

2021 వేసవిలో మా పార్ట్‌నర్ వాళ్ల నాన్నగారు ఇండియా నుంచి వచ్చారు. మార్కాపురం దగ్గర పల్లె, నల్లమల అంచు. నేను ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తాను. ఆ ఏడాది పదిహేను ఆడవాటిని తీయాలని బయాలజిస్ట్ రాసిచ్చిన కాగితం గురించి మేం భోజనాల దగ్గర వాదించుకుంటుంటే ఆయన కంచం ముందు నుంచి లేవకుండానే అన్నారు.

"ఏం నాయనా, పిల్లతల్లుల్ని కొడతారంట? మా నాయన డెబ్బై మేకలు కాసినోడు. పోతుల్ని అమ్మేవాడు గాని పెంటి మేకను గడప దాటనిచ్చేవాడు కాదు. అది పోతే మంద పోతది."

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. ఆయన చెప్పింది తప్పు కాదు, మంద పెంచాలనుకునేవాడికి అంతకంటే మంచి లెక్క లేదు. మర్నాడు ఆయన్ని జీపులో ఎక్కించుకుని ఆ వైరు బోను దగ్గరకు తీసుకెళ్లాను. పెట్టి పదిహేను నెలలైంది. బోను లోపల మోకాలి ఎత్తు ఆకు మొక్కలు, పసుపు పూలు, వాటి మధ్య జానెడు ఎత్తున రెండు స్పానిష్ ఓక్ మొలకలు, ఎర్రటి లేత ఆకులతో. బోనుకు ఒక అడుగు అవతల రాయి, సీడర్ ఎండుటాకు, అక్కడక్కడ ముదురు గడ్డి దుబ్బు, అంతే. అదే నేల, అదే వాన. బాబాయ్ చాలాసేపు అక్కడ గొంతుక్కూర్చుని వైరులోంచి వేళ్లు పెట్టి ఆ మొలక ఆకును పట్టుకుని చూశారు. తర్వాత ఆయనే నెమ్మదిగా అన్నారు.

"కరువొచ్చిన యేడు మా నాయన పెంటి మేకల్ని కూడా అమ్మాడు నాయనా. సగం మందను అమ్మి సగాన్ని బతికించాడు. అమ్మనోళ్ల మందలు మొత్తం పోయినాయి."

ఆ ఒక్క మాటతో మా పార్ట్‌నర్ల మధ్య ఏడాదిగా తెగని వాదన తెగింది. నేను అంకెలతో ఎంత చెప్పినా దిగని విషయం మేకలు కాసిన కుటుంబం నుంచి వచ్చిన మాటతో దిగింది. ప్రశ్న ఆడదా మగదా అని కాదు, ఈ నేల మీద మేత ఎన్నిటికి సరిపోతుంది, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి అన్నది. ఎక్కువుంటే ఆడవాటిని తీయక తప్పదు, తక్కువుంటే ముట్టుకోకూడదు.

కానీ పిల్లతల్లి అన్న మాట నన్ను వదల్లేదు, దానికి సమాధానం నెలల్లో దొరికింది. మా ప్రాంతంలో వైట్‌టెయిల్ ఎక్కువగా నవంబరులో జతకడుతుంది, దాదాపు 200 రోజులు మోస్తుంది, జూన్ ప్రాంతంలో ఈనుతుంది. అంటే డిసెంబరు చివర్లోనో జనవరిలోనో కొట్టిన ఆడదాని కడుపులో దాదాపుగా పిల్ల ఉన్నట్టే. అక్టోబరులో ఉండదు. అప్పటికి జూన్ పిల్లలకు నాలుగు నెలలు, మచ్చలు పోయి ఉంటాయి, మేత మీదే బతకగలవు. తల్లి లేకపోయినా మందలో మిగతా ఆడవాటితో కలిసి తిరుగుతాయి. ఇంకో లాభం, ఏడాది నిండిన మగ పిల్లలను తల్లి తరిమేస్తుంది, తల్లి లేని మగ పిల్లలు పుట్టిన చోటు వదిలి దూరం వెళ్లడం తక్కువ. మామూలు సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి అక్టోబరులో రైఫిల్ వాడాలంటే రాష్ట్రం నడిపే మేనేజ్డ్ ల్యాండ్స్ డీర్ ప్రోగ్రామ్‌లో చేరాలి. అందులో రెండు దారులున్నాయి. హార్వెస్ట్ ఆప్షన్‌లో ట్యాగుల సంఖ్యను కంప్యూటరే లెక్కగట్టి ఇస్తుంది, కన్సర్వేషన్ ఆప్షన్‌లో బయాలజిస్ట్ మన లెక్క చూసి నిర్ణయిస్తారు, దానికి జింకల లెక్కా, భూమిలో చేసే పనులూ చూపించాలి, గడువు జూన్ 15. మేం రెండోదే తీసుకున్నాం.

2021 ఆగస్టు లెక్కలో 61 వచ్చాయి, మగవి 9, ఆడవి 39, పిల్లలు 13. పదిహేనుకు పద్నాలుగు ఆడవాటిని తీశాం, పన్నెండు అక్టోబరులోనే. అందులో ఒకదాని గురించి చెప్పాలి. అక్టోబరు రెండో వారం, సాయంత్రం ఆరున్నర, పెద్ద ఆడది పక్కవాటుగా నిలబడింది, గుండె వెనక తగిలింది, ముప్ఫై గజాలు పరిగెత్తి పడిపోయింది. మంచె దిగి వెళ్లేసరికి దాని పిల్ల అక్కడే పదడుగుల దూరంలో నిలబడి ఉంది. నన్ను చూసి రెండడుగులు వేసింది, ఆగింది, మళ్లీ వెనక్కి చూసింది. నేను కదల్లేదు. మిగతా ఆడవి వాగు వైపు ఉన్నాయి, కాసేపటికి వాటి వెంట వెళ్లింది. ఆ పిల్లకు ఎడమ చెవి కొన చీలి ఉండటం వల్ల తర్వాత కెమెరాల్లో గుర్తుపట్టగలిగాం, జనవరిలో మిగతావాటితో మేస్తూ కనిపించింది, మరుసటి ఆగస్టు లెక్కలో కూడా ఉంది. అయినా ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి, గుర్తు రావాలనే అనుకుంటాను. ప్రాణం తీసే పని చేస్తున్నప్పుడు దాన్ని కేవలం లెక్కగా చూసేవాడికి తుపాకీ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

ప్రతి జింక దగ్గరా మేం నాలుగు విషయాలు రాసుకుంటాం. పేగులు తీశాక బరువు, పొదుగులో పాలున్నాయా లేదా, మూత్రపిండం చుట్టూ కొవ్వు ఎంతుంది, దవడ ఎముక. దవడతో వయసు తెలుస్తుంది. పిల్ల వయసులో ముందు నుంచి మూడో దవడ పన్నుకు మూడు బొడిపెలుంటాయి, ఏడాదిన్నర ప్రాంతంలో ఆ పాల పన్ను ఊడి రెండు బొడిపెల పన్ను వస్తుంది. ఆ తర్వాత అరుగుదలను బట్టి చెప్పాలి, తెల్లటి ఎనామిల్ మధ్య గోధుమరంగు గీత ఎంత వెడల్పయితే అంత ముసలిది. 2021లో తీసిన పెద్ద ఆడవాటి సగటు బరువు 56 పౌండ్లు. కొవ్వు ఉండాల్సిన చోట చాలావాటికి పల్చటి పొర మాత్రమే ఉంది, మూత్రపిండం గులాబీరంగులో నగ్నంగా కనిపించేది. రెండున్నరేళ్లు దాటిన పదకొండింటిలో పాలున్నవి నాలుగే, అంటే మిగతా ఏడూ ఆ ఏడాది పిల్లను పెంచలేకపోయాయి. కెమెరా చెప్పిందీ దవడా పొదుగూ చెప్పిందీ ఒకటే అయ్యేసరికి నాకు నమ్మకం కుదిరింది.

2022 మాకు అసలు పరీక్ష. ఆ వేసవి హిల్ కంట్రీ అంతా భయంకరమైన కరువు, వాగులో జూన్ నుంచి చుక్క నీరు లేదు. ఆగస్టు లెక్కలో మగవి 8, ఆడవి 30, పిల్లలు 6. ఆరంటే ఆరే. మేం పద్నాలుగు తీస్తే ఆడవి తొమ్మిదే తగ్గాయేమిటని అడగొచ్చు, పిల్లలు పెద్దవై కలిశాయి, పక్క భూముల నుంచి కొన్ని వచ్చాయి. పార్ట్‌నర్లు ఈ ఏడాది ఆపేద్దాం, అసలే పిల్లల్లేవు అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, నాకూ టెన్షన్ వచ్చింది. బయాలజిస్ట్ మాత్రం కరువు ఏడాదిలో ఆపకూడదు సరికదా, ముందుగా తీయాలంది. మిగిలిన కాస్త మేతను చలికాలంలో ముప్ఫై నోళ్లు పంచుకుంటే అన్నీ చిక్కుతాయి, ఇరవై పంచుకుంటే గట్టెక్కుతాయి. అక్టోబరు మొదటి రెండు వారాల్లోనే పది తీసేశాం. ఫీడర్లలో మొక్కజొన్న ఎంత పోసినా ఈ సమస్య తీరదని కూడా అప్పుడే అర్థమైంది, మొక్కజొన్నలో శక్తి ఉంటుంది గాని పాలకూ పిల్లకూ కావాల్సిన మాంసకృత్తులు చాలా తక్కువ.

2023లో వానలు కాస్త కరుణించాయి. మగవి 9, ఆడవి 19, పిల్లలు 8, మొత్తం 36. ఆ ఏడు నాలుగే తీశాం. 2024 ఆగస్టుకు మగవి 10, ఆడవి 17, పిల్లలు 11. అంటే 2020లో 38 తల్లులు పెంచిన పిల్లలకు దాదాపు సమానంగా ఇప్పుడు 17 తల్లులు పెంచుతున్నాయి. 2024 సీజన్‌లో తీసిన ఐదింటి సగటు బరువు 63 పౌండ్లు, అందులో నాలుగింటికి పాలున్నాయి. మగవాటి కొమ్ములు పెరిగాయా అని అందరూ అడుగుతారు, పెరిగాయి, కానీ అది నేను పెద్దగా చూడను. నేను చూసేది వాగు గట్టు. బ్రౌజ్ లైన్ ఇంకా పూర్తిగా పోలేదు, కానీ గీత చెరిగింది, ఛాతీ కింద కూడా లైవ్ ఓక్ చిగుళ్లు కనిపిస్తున్నాయి.

చుక్కల జింకల సంగతి చెప్పకపోతే ఈ లెక్క సగమే అవుతుంది. బాబాయ్ మొదటిసారి వాగు దగ్గర వాటిని చూసి "ఇది మన దుప్పి కదయ్యా, ఇక్కడికెట్టా వచ్చింది" అన్నారు. నిజంగా మన దుప్పే, తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా అదే. 1932లో టెక్సస్‌కు తెచ్చారు, ఇక్కడ ఆక్సిస్ అంటారు. మన దేశంలో 1972 చట్టం కింద దాన్ని వేటాడటం నేరం, ఇక్కడ దానికి సీజన్ లేదు, సంఖ్య పరిమితి లేదు, ఏడాది పొడవునా లైసెన్స్ ఉంటే కొట్టొచ్చు. కారణం అది వైట్‌టెయిల్ తినే ఆకు మొక్కలన్నీ తిని, అవి అయిపోయాక గడ్డి మీదకు మళ్లగలదు, వైట్‌టెయిల్ మళ్లలేదు. ఇదే విషయం హిల్ కంట్రీలోనే రాష్ట్రం నడిపే వన్యప్రాణి పరిశోధన స్థలం కర్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియాలో 1971లో మొదలైన ఒక పరిశీలనలో ఇంకో విదేశీ జింకతో, జపాన్ వైపు నుంచి వచ్చిన సీకాతో, స్పష్టంగా తేలింది. 96 ఎకరాల కంచె లోపల ఆరు సీకా, ఆరు వైట్‌టెయిల్ వదిలితే దశాబ్దం తిరక్కుండానే సీకా అరవై దాటాయి, వైట్‌టెయిల్ ఒక్కటీ మిగల్లేదు. మా భూమిలో 2020లో ఇరవై దాకా ఆక్సిస్ తిరిగేవి, 2021 ఫిబ్రవరి మంచు తుపానులో హిల్ కంట్రీ అంతటా అవి పెద్ద సంఖ్యలో చనిపోయాయి, మా వాగు గట్టునే ఏడు కళేబరాలు లెక్కపెట్టాం. వైట్‌టెయిల్ ఆ చలిని తట్టుకున్నాయి. తర్వాత మళ్లీ వచ్చిన ఆక్సిస్ విషయంలో ఆడా మగా తేడా లేకుండా, నిజానికి ఆడవాటినే ముందు తీస్తున్నాం, అవి ఏ కాలంలోనైనా ఈనతాయి. మీ భూమిలో ఇవి ఉంటే వైట్‌టెయిల్ ఆడవాటిని ముట్టుకునే ముందు వీటి లెక్క చూడండి.

మేం పూర్తిగా గెలవని చోటు పక్కవాళ్ల కంచె. 320 ఎకరాలు ఒక జింక మందకు ఏ మూలకూ చాలవు, మాది నాలుగడుగుల మామూలు కంచె, అవి రోజూ దాటుతాయి. తూర్పు పక్క 1,100 ఎకరాలాయన మా అంకెలు చూసి 2022 నుంచి తనూ ఆడవాటిని తీస్తున్నాడు, ఆగస్టులో ఇద్దరం ఒకే రెండు వారాలు కెమెరాలు పెడతాం. పడమటి పక్కాయన ఒప్పుకోలేదు. అది ఆయన భూమి, ఆయన నమ్మకం. అటువైపు నుంచి ఏటా కొన్ని ఆడవి మా వైపు సర్దుకుంటాయి, మా లెక్కలో దానికి చోటు వదులుకుంటున్నాం.

మాంసం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఐదు సీజన్లలో 37 జింకలు, నాలుగు కుటుంబాలు తినగలిగినంత తిన్నాం, ముసలి ఆడదాని మాంసమైనా ప్రెషర్ కుక్కర్‌లో గోంగూరతో బాగా ఉడుకుతుంది. మిగిలినవి హంటర్స్ ఫర్ ద హంగ్రీ కార్యక్రమంలో ఉన్న మాంసం షాపులో ఇచ్చాం, అక్కడి నుంచి ఫుడ్ బ్యాంకులకు వెళ్తుంది. తినేవాళ్లెవరో ముందే తేల్చుకోకుండా ట్యాగులు అడగకండి.

ఈ వసంతంలో ఇంకో మిత్రుడు ఫోన్ చేశాడు, ఆస్టిన్‌కు తూర్పున పోస్ట్ ఓక్ ప్రాంతంలో 60 ఎకరాలు కొన్నాడు, మా కథ విని ఈ సీజన్‌లో ఆరు ఆడవాటిని తీస్తానన్నాడు. వద్దన్నాను. అక్కడ జింకలు మా దగ్గరున్నంత లేవు, ఆ వైపు కొన్ని కౌంటీల్లో తుపాకీతో ఆడవాటిని కొట్టడానికి థాంక్స్‌గివింగ్ (నవంబరు నాలుగో గురువారం) నాటి నుంచి ఆ ఆదివారం దాకా నాలుగు రోజులే ఇస్తారు, దానికి కారణం ఉంది. అతని చెట్ల ఫోటోలు పంపమన్నాను. నేల దాకా ఆకులున్నాయి, కెమెరాలో రెండు తల్లులు, వాటి వెంట నాలుగు పిల్లలు. రెండేళ్లు లెక్కపెట్టు, అప్పటిదాకా ఆడదాని జోలికి వెళ్లకు అని చెప్పాను, బోను ఎలా కట్టాలో మాత్రం వీడియో కాల్‌లో చూపించాను.

మా బోను ఇప్పుడు తీసేశాం. లోపలి మొలకల్లో పెద్దది నా భుజం దాకా వచ్చింది. దానికి ఆరడుగుల అవతల, ఏ కంచె లేకుండా, కిందటి నెలలో ఇంకో మూడు స్పానిష్ ఓక్ మొలకలు కనిపించాయి, ఒకదాని చివర కొరికి ఉంది, రెండింటివి లేదు. ఫోటో తీసి మార్కాపురం పంపించాను. బాబాయ్ అడిగారు, "ఈ యేడు ఎన్ని తీస్తన్నారు నాయనా?" ఆగస్టు లెక్క అయ్యాక చెప్తానన్నాను.